మధురవాడ దాటేసరికి 11 శాతం

నిన్న శ్రీకాకుళం నుంచి విశాఖకి అమ్మని తీసుకొస్తుంటే మధురవాడ దాటేసరికి మా ఎలక్ట్రిక్ కారులో చార్జింగ్ 11 శాతానికి దిగింది. యాప్‌లో చూస్తే దగ్గర్లోనే చార్జర్ ఖాళీ అని పచ్చ గుర్తు. తీరా వెళ్తే స్క్రీన్ నల్లగా ఉంది, కారుకి గుచ్చే చార్జింగ్ గన్ ఊడి మట్టిలో పడి ఉంది. పిన్నుల మధ్య ఇసుక.

రెండో చోట సరిగ్గా చార్జింగ్ గీతల మధ్యే ఎవరిదో పెట్రోల్ కారు. "షాపింగ్‌కి వెళ్లారండి, వచ్చేస్తారు" అన్నాడు వాచ్‌మన్. 40 నిమిషాలు చూశాం. ఉన్న చార్జింగ్ అయిపోకుండా ఏసీ కట్టేశాను. విశాఖ ఉక్కపోత తెలుసుగా! అమ్మ కొంగుతో విసురుకుంటూ "పోనీ ఆటోలో వెళ్లిపోదామా నాన్నా" అంది. ప్రాణం చివుక్కుమంది.

మద్దిలపాలెంలో మూడోది పనిచేసింది. దానికి మళ్లీ వేరే యాప్, ఓటీపీ, ముందే డబ్బులు వేయాల్సిన వాలెట్. పెట్రోల్ బంకులో ఇవేవీ అడగరు కదా! ఫోన్‌పేతో కట్టేస్తే చాలు. అదే మెషీన్‌కున్న పక్క గన్‌కి ఇంకో కారు పెట్టగానే నాకొచ్చే పవర్ సగమైంది. 80 శాతం దాటితే బ్యాటరీ కోసం ఎలాగూ స్పీడ్ తగ్గుతుంది కాబట్టి, అక్కడికి ఆపి వెనకున్నాయనకి ఇచ్చేశాను.

ఈ కారంటే నాకు ఇష్టమే, మార్చను కూడా. కానీ దయచేసి చార్జర్ ముందు బండి పెట్టకండి. మెషీన్ పాడైతే యాప్‌లో ఆ ముక్క చూపించండి.

ఇల్లు చేరేసరికి అమ్మ బీపీ మాత్ర టైమ్ రెండు గంటలు దాటిపోయింది.