ఏ బట్ట వదులుతుంది, ఏ బట్ట పట్టుకుంటుంది

ఉతకబోయే ముందు తెల్లబట్టలను ఒక పక్కకు, రంగు బట్టలను మరొక పక్కకు వేయడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే. అది మంచి అలవాటే కాని, నా ఉద్దేశంలో సగం పని మాత్రమే. నీళ్ళలో పడ్డ తర్వాత ఒక బట్టను వదిలి మరొక బట్టను చేరేది రంగు ఒక్కటే కాదు. పీచు, జిడ్డు, మట్టి కూడా అలాగే చేరుతాయి. అందువల్ల ఏ బట్ట చేతికి వచ్చినా, ఇది నీళ్ళలోకి ఏమి వదులుతుంది, నీళ్ళలోనుంచి ఏమి పట్టుకుంటుంది అన్న రెండు సంగతులు చూసి వేరు చేయడమే సరైన పద్ధతి అని నేను భావిస్తాను.

రంగు దిగే బట్ట అనగానే అందరికీ కొత్త చీర గుర్తుకు వస్తుంది గాని, నేను మొదట అనుమానించేది చీర లోపల కట్టుకునే లంగాను, ఆ తర్వాత రవిక లోపల వేసే లైనింగు గుడ్డను. ముదురు మెరూను, నలుపు, ఆకుపచ్చ రంగులలో చవకగా దొరికే ఈ నూలు గుడ్డలు బకెట్టు నీళ్ళనంతా రంగుమయం చేయగలవు. నూలుకు వేసే రంగులన్నీ దారాన్ని ఒకే తీరుగా పట్టుకోకపోవడమే దీనికి కారణం. 1884లో వచ్చిన కాంగో రెడ్ అనే ఎర్రరంగుతో మొదలైన, నూలుకు నేరుగా ఎక్కే డైరెక్ట్ రంగులు దారాన్ని బలహీనంగా అంటిపెట్టుకుని ఉంటాయి కనుక ఉతికిన ప్రతిసారీ కొంత దిగుతూనే ఉంటాయి. 1956లో మార్కెట్లోకి వచ్చిన రియాక్టివ్ రంగులు నూలుతో రసాయనికంగా బంధం ఏర్పరచుకుంటాయి. అయితే ఆ బంధం కుదరక దారం మీద మిగిలిపోయిన రంగును అద్దకం తర్వాత బాగా కడిగి తీసివేయకపోతే, అది మొదటి కొన్ని ఉతుకులలో దిగి, తర్వాత ఆగిపోతుంది. జీన్స్ సంగతి వేరు. వాటికి వేసే నీలిరంగు దారం లోపలిదాకా ఇంకకుండా పైపొరలోనే నిలుస్తుంది కనుక, అది రాపిడికి ఏళ్ళ తరబడి రాలుతూనే ఉంటుంది. కాబట్టి కొత్త బట్టను రెండు మూడుసార్లు విడిగా ఉతికితే చాలునన్న మాట కొన్నిటి విషయంలోనే నిజం. అనుమానం తీరాలంటే లోపలివైపు అంచును కాస్త తడిపి, దాని మీద తెల్లగుడ్డ ముక్కను పెట్టి గట్టిగా అదిమి చూడడం మేలు.

ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలబడుతుందని చెబుతారు. అద్దకం జరిగేటప్పుడు రంగును నూలులోకి ఎక్కించడానికి ఉప్పు తోడ్పడే మాట నిజమే గాని, తయారై ఇంటికి వచ్చిన బట్టలో రంగును అది శాశ్వతంగా బంధించలేదు. ఉప్పునీళ్ళలో ఆ పూటకు రంగు తక్కువగా దిగినట్లు కనిపించవచ్చు. మరుసటిసారి మామూలు నీళ్ళలో పెట్టగానే కథ మొదటికి వస్తుంది.

ఇక పట్టుకునే బట్టల విషయంలో తెల్లని నూలు పంచె, బనియను గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు. నైలానును మాత్రం చాలామంది పట్టించుకోరు. లోదుస్తుల అంచులలోని లేసులోనూ, సాగే పట్టీలలోనూ ఉండే నైలాను, నీళ్ళలో తేలాడే రంగును చాలా సులువుగా తీసుకుంటుంది. లేతరంగు లోదుస్తులు ఏ పాపమూ ఎరగకుండా బూడిదరంగుకు తిరగడానికి ఇది ఒక కారణం. పాలిస్టరు చొక్కాకు ఇటువంటి రంగులు అంతగా అంటవు గాని, దానికి జిడ్డంటే మక్కువ ఎక్కువ. వంటింట్లో చేతులు తుడుచుకున్న నూనె గుడ్డలను ఆ చొక్కాలతో కలిపి వేస్తే, గుడ్డ వదిలిన జిడ్డులో కొంత చొక్కాలో స్థిరపడుతుంది. పీచు వదలడంలో కొత్త టర్కీ తువ్వాళ్ళను మించినవి లేవు. వాటితో కలిసి తిరిగిన నల్ల ప్యాంటును చూస్తే ఎవరికైనా చిరాకు కలుగుతుంది. తువ్వాళ్ళకు విడిగా ఒక విడత కేటాయించడం దుబారా అనుకునేవారు, కనీసం వాటిని దుప్పట్లతో కలపవచ్చు.

మన చేనేత చీరల దగ్గర ఈ లెక్క మరింత చిక్కుపడుతుంది. గద్వాల చీర ఒళ్ళు నూలుది, అంచూ కొంగూ పట్టువి. దానిని ఏ కుప్పలో వేయాలి? నా సమాధానం ఏమిటంటే, ఒకే బట్టలో రెండు రకాల దారాలున్నప్పుడు వాటిలో సుకుమారమైన దానిని బట్టే నడుచుకోవాలి. అంటే ఒంటిని చూసి నూలుబట్టల పొడితో యంత్రంలో వేయకుండా, అంచును చూసి పట్టుచీరలాగే జాగ్రత్త చేయాలి. పోచంపల్లి ఇక్కత్‌ది మరొక సమస్య. దారాలను ముందే కట్లు కట్టి అద్దిన తర్వాత నేసే చీర కనుక ఎరుపు, తెలుపు ఒకే బట్టలో పక్కపక్కనే ఉంటాయి. దానిని ఇతర బట్టల నుంచి ఎంత వేరుచేసినా, నానబెడితే రంగు దిగే పక్షంలో దాని ఎరుపు దాని తెలుపు మీదికే పాకుతుంది. కాబట్టి అటువంటి చీరను నానబెట్టకుండా, చల్లని నీళ్ళలో త్వరగా జాడించి, మడత మీద మడత పడకుండా వెంటనే నీడలో ఆరవేయాలి.

మరకలున్న బట్టలను ముందే ఏరి పక్కన పెట్టుకోవడం కూడా ఇందులో భాగమే. రక్తం, పాల మరకలకు చల్లని నీళ్ళే వాడాలి, వేడినీళ్ళు వాటిలోని మాంసకృత్తులను గడ్డకట్టించి దారానికి పట్టిస్తాయి. పులిహోర తిన్న చొక్కా మీది పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడనక్కరలేదు, క్షారం తగిలితే పసుపు అలాగే మారుతుంది. సబ్బు పోయేలా జాడించి, ఆ మరక మీద నేరుగా ఎండ పడేలా ఆరవేస్తే అది క్రమంగా వెలిసిపోతుంది. తెల్లబట్టలకు ఇది సులువైన మార్గమే గాని, ముదురు రంగు బట్టకు అదే ఎండ హాని చేస్తుంది.

బరువును బట్టి విడదీయడం గురించి తక్కువమంది ఆలోచిస్తారు. ఏడు కిలోల యంత్రం అంటే ఏడు కిలోల పొడిబట్టలని అర్థం. అందులో నాలుగు జీన్స్ ప్యాంట్లతో పాటు పలుచని మల్లు చున్నీని వేస్తే, ఆ ప్యాంట్ల జిప్పులూ గుండీలూ దానిని ఏం చేస్తాయో ఊహించవచ్చు. రవికల హుక్కులను పెట్టి, జిప్పులు మూసి, నాడాలు ముడివేసి, సన్నని బట్టలను వలసంచిలో వేయడం వల్ల ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి రంగు అంటుకోక మానదు. అప్పుడు ముఖ్యమైనది ఆ బట్టను ఆరనివ్వకపోవడం, ఇస్త్రీ అసలే చేయకపోవడం. రంగు దిగిన బట్టను బయటికి తీసివేసి, అంటుకున్న వాటిని తడిగా ఉండగానే పుష్కలమైన నీళ్ళలో సబ్బుపొడితో మళ్ళీ ఉతకాలి. తెల్లని నూలుబట్ట అయితే సోడియం పెర్‌కార్బొనేట్ అనే ఆక్సిజన్ బ్లీచు పొడి కలిపిన గోరువెచ్చని నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టవచ్చు. పట్టుకూ ఉన్నికీ మాత్రం ఆ పొడిని గాని, క్లోరిన్ బ్లీచును గాని దగ్గరికి రానివ్వకూడదు.