రేపటి పిండి ఈరోజే రుబ్బాలి

బెంగళూరు మారతహళ్లిలో మా బావగారి ఇడ్లీ, దోశ పిండి యూనిట్‌లో రోజూ ఎంత రుబ్బాలో లెక్క వేసే పని నాది. సిమెంటు బస్తాలైతే మిగిలినా గోదాంలో పడుంటాయి. పిండి అలా కాదు, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల్లో పెట్టినా పులుస్తూనే ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా. ప్యాకెట్ ఉబ్బిందంటే షాపువాళ్లు మారుమాట లేకుండా తిప్పి పంపేస్తారు.

పైగా బియ్యం, మినప్పప్పు నానడానికి గంటలు పడుతుంది. ఆర్డర్ వచ్చాక నానబోస్తే కుదరదు, అందుకే నా లెక్కంతా క్యాలెండర్ మీదే. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు రాత్రికి టిఫినే తింటారు, మర్నాడు ఆదివారం ఎలాగూ దోశలే. ఆ రెండు రోజులకీ గ్రైండర్‌కు ఊపిరాడదు. ఏకాదశి నాడు మాత్రం బియ్యం ముట్టని ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి, ఆ రోజుకి తగ్గించాలి. పండగ సెలవులకు మనవాళ్లంతా ఊళ్లకు బస్సెక్కేస్తే ఇంకా తగ్గించాలి.

డిసెంబర్ చలి ఇంకో టెన్షన్. పిండి పొంగడానికి 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే హాయి, బెంగళూరు రాత్రి అందులో సగానికి పడిపోతుంది. అప్పుడు రుబ్బడమే ఇంకాస్త ముందుగా మొదలుపెడతాం.

అన్నిటికన్నా బాధ పెట్టేది రిటర్న్ ట్రే, అంటే షాపుల నుంచి తిరిగొచ్చే ప్యాకెట్ల ట్రే. ప్యాక్ చేసింది నిన్నా మొన్నా అని కాదు, ఏ ప్యాకెట్ గడువు ముందు తీరుతుందో అదే ముందు బయటికి వెళ్లాలనే పద్ధతి పట్టుబట్టి పెట్టించాను. ట్రేలు తేలికపడ్డాయి. ఈ సంక్రాంతి లెక్క ఇంకా తేలలేదు, రాత్రి కూర్చోవాలి.