322 నుంచి 228కి

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి గురుత్వ కటకాలను ఎంచుకున్నాను. అనంతపురంలో అద్దె గది, పాత ల్యాప్‌టాప్. 'టెలిస్కోప్ అక్కర్లేదు, డేటా అంతా నెట్‌లో దొరుకుతుంది' అన్నారు సార్. డేటా దొరికింది. తిప్పలు లెక్క దగ్గర మొదలయ్యాయి.

దూరాన ఉన్న క్వాసార్‌కీ (చుక్కలా కనిపించే, చాలా ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రం) మనకీ మధ్య ఒక గెలాక్సీ అడ్డొస్తే, దాని గురుత్వానికి వెలుగు వంగి ఒకే క్వాసార్ రెండుగానో నాలుగుగానో కనిపిస్తుంది. ఆ అడ్డొచ్చిన గెలాక్సీయే గురుత్వ కటకం. 1979లో దొరికిన మొదటి జంటలో చుక్కల మధ్య ఎడం సుమారు 6 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను). ఆ ఎడాన్ని బట్టి అడ్డొచ్చిన గెలాక్సీలో నక్షత్రాలు ఎంత వేగంతో తిరుగుతున్నాయో, అంటే దాని బరువెంతో, అంచనా కట్టవచ్చు.

పరీక్షగా ఎడం 1.5 ఆర్క్‌సెకన్లు, దూరాల నిష్పత్తి (గెలాక్సీ నుంచి క్వాసార్‌కున్న దూరాన్ని మన నుంచి క్వాసార్‌కున్న దూరంతో భాగిస్తే వచ్చేది) 0.5 ఇచ్చాను. సెకనుకు 322 కిలోమీటర్లు వచ్చింది. "ఏమప్పా, నీ గెలాక్సీలన్నీ రాక్షసులేనా?" అన్నారు సార్. మూడు రోజులు ప్రోగ్రామ్ అంతా గాలించాను. నాలుగో రోజు కరెంటు పోయి కాగితం మీద బొమ్మ గీస్తే తెలిసింది: సూత్రం అడిగేది ఐన్‌స్టీన్ వలయం (క్వాసార్ సరిగ్గా గెలాక్సీ వెనకే ఉంటే దాని వెలుగు కట్టే వలయం) వ్యాసార్ధం, నేనిచ్చింది రెండు చుక్కల మధ్య ఎడం, అంటే దాదాపు వ్యాసం! సగం చేశాను. 228.

తర్వాత క్లాస్ అనే రేడియో సర్వే పట్టుకున్నాను. లెక్కకు తీసుకున్న 8,958 రేడియో మూలాల్లో (రేడియో తరంగాలు వెలువరించేవి) కటకాలు 13. ఆ పదమూడింటి సగటు తీసి 'గెలాక్సీల సగటు' అని రాస్తే సార్ ఎర్ర ఇంకుతో కొట్టేశారు. ఎందుకో చెప్పలేదు.

ఆ ఆదివారం ఊరెళితే అమ్మ చెనిక్కాయ విత్తనాలు జల్లిస్తోంది. సన్నవి కింద రాలిపోయి, జల్లెడలో లావువే మిగిలాయి. నా పదమూడూ అవే కదా! గెలాక్సీ కటకంగా పట్టుబడే అవకాశం దాని నక్షత్రాల వేగానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అవకాశం 16 రెట్లు. అందుకే కటకాల్లో ఎక్కువ భాగం బరువైన దీర్ఘవృత్తాకార గెలాక్సీలే. పైగా కటకం వెలుగును పెంచుతుంది కాబట్టి, మామూలుగా మసకగా ఉండాల్సిన మూలాలు కూడా జాబితాలోకి ఎక్కుతాయి. జల్లెడ కన్నాల కొలత కూడా లెక్కలో పెట్టి మొత్తం మళ్లీ చేశాను. ఇంకో నెల పట్టింది.

వైవాలో ఎగ్జామినర్ రిపోర్టు తిరగేసి, "పదమూడేనా?" అన్నారు.

"కటకాలు పదమూడే సార్. కానీ కటకం కాని 8,945 కూడా లెక్కలో ఉన్నాయి" అన్నాను. ఆయన పేజీ తిప్పారు.