ముందు మిస్డ్ అప్రోచ్ చదవండి: నా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అనుభవం

నిన్న ఫ్లోరిడాలో నా ఇన్‌స్ట్రుమెంట్ చెక్‌రైడ్ పాసయ్యాను. బయట ఏమీ కనబడకపోయినా మీటర్లు చూసి విమానం నడపగలనని తేల్చే ఆఖరి పరీక్ష అది. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

రాత పరీక్ష 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే చాలు. రెండు వారాలు గట్టిగా కూర్చుంటే అయిపోతుంది. నన్ను ఏడిపించింది స్టేజ్ చెక్, అంటే మధ్యలో ఫ్లయింగ్ స్కూలు వాళ్ళే పెట్టే పరీక్ష.

ఆ రోజు ఐఎల్ఎస్, అంటే రన్‌వేకు దారి చూపే రేడియో సిగ్నల్, బాగానే పట్టుకున్నాను. కళ్ళకు ఫాగుల్స్ అనే మసక అద్దాలు, మీటర్లు తప్ప బయట ఏమీ కనబడదు. స్పీడు 90 నాట్లు, రెండు సూదులూ నడిమధ్యన. నేలకు 200 అడుగుల ఎత్తున, దిగాలా వద్దా తేల్చుకోవాల్సిన డిసిషన్ ఆల్టిట్యూడ్ దగ్గర, పక్కన కూర్చున్న చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ "రన్‌వే కనబడలేదు" అన్నాడు. అలాంటప్పుడు దిగకుండా, చార్ట్‌లో చెప్పిన దారిన మళ్ళీ పైకి ఎక్కిపోవాలి. అదే మిస్డ్ అప్రోచ్. ఫుల్ పవర్ ఇచ్చి ముక్కు ఎత్తాను. ఆ తర్వాత ఏం చేయాలో గుర్తు రాలేదు. తల వంచి మోకాలి మీది చార్ట్‌లో వెతికాను. తల ఎత్తేసరికి విమానం ఎడమకు 30 డిగ్రీలు ఒరిగి ఉంది, పైకి ఎక్కడం ఆగిపోయింది. తిరగాల్సిందేమో కుడికి. వెళ్ళాల్సిన వీఓఆర్ (దారి చూపే రేడియో స్టేషన్) ఫ్రీక్వెన్సీ రెండో రేడియోలో పెట్టనే లేదు. ఆయన కంట్రోల్స్ లాక్కున్నాడు. కిందికి వచ్చాక ఇద్దరు జూనియర్ల ముందు చార్ట్ బోర్లించి "ఎటు తిరగాలి?" అని మూడుసార్లు అడిగాడు. నాకు నోరు పెగల్లేదు.

తప్పు నాదే. అయినా ఆ స్కూలు మీద కోపం మాత్రం పోలేదు. ఆరు నెలల్లో నలుగురు ఇన్‌స్ట్రక్టర్లను మార్చారు. అప్రోచ్ బ్రీఫింగ్, అంటే దిగే ముందు చార్ట్ చదివి పైకి చెప్పుకోవడం, నేర్పమంటే ప్రతివాడూ "పైకి ఎగిరాక చూసుకుందాం" అనేవాడు. ఇంజన్ నడుస్తున్నంతసేపూ హాబ్స్ మీటర్ తిరుగుతూనే ఉంటుంది, బిల్లు మనకే పడుతుంది. మా నాన్న పొలం తాకట్టు పెట్టి పంపిన డబ్బది.

ఆ రాత్రి నుంచి వంటింటి కుర్చీలోనే ఎగిరాను. ఎడమ చెయ్యి యోక్ మీద, కుడి చెయ్యి థ్రాటిల్ మీద ఉన్నట్టు పెట్టుకుని, మిస్డ్‌లోని మొదటి రెండు పనులు పైకి చెప్పుకునేవాణ్ణి: "500 అడుగుల వరకు నేరుగా ఎక్కు, కుడికి తిరుగుతూ 2,000." అవి కంఠతా వచ్చాకే ఫ్రీక్వెన్సీ, కోర్సు, డిసిషన్ ఆల్టిట్యూడ్. పెట్టిన స్టేషన్ సరైనదేనని తెలిపే మోర్స్ ఐడెంట్ విని తీరాలి. గ్రౌండ్ స్పీడును ఐదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో దాదాపుగా వస్తుంది, 90కి 450. ఇదంతా ఎయిర్‌పోర్టుకు 15 మైళ్ళ ముందే అయిపోవాలి. రన్‌వేకు ఎడమా కుడీ చూపే లోకలైజర్ సూది కదిలాక చార్ట్ చదువుతానంటే కుదరదు.

నిన్న ఎగ్జామినర్ కూడా సరిగ్గా అక్కడే "రన్‌వే లేదు" అన్నాడు. చార్ట్ వైపు చూడకుండానే ఎక్కాను, కుడికి తిరిగాను. వీఓఆర్ అప్పటికే రెండో రేడియోలో ఉంది. గాల్లో ఒకచోటే చుట్టూ తిరిగే హోల్డ్‌లో ఒక్క రౌండ్ పూర్తయ్యాక, "ఇంకోటి అక్కర్లేదు, దిగిపోదాం పద" అన్నాడాయన.