సగటు పడిపోయిన శనివారం

సగటు అనే మాట మీద నాకింత కోపం రాగలదని ఈ రోజు ఉదయం వరకు నాకే తెలియదు. రాత్రి పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు. పిక్కలు బిగుసుకుపోయి సలుపుతున్నాయి కానీ నిద్ర రాకపోవడానికి కారణం అవి కావు. సింగపూరులోని మెక్‌రిచీ అడవిలో, లోర్నీ దారిలో రబ్బరు చెట్టు కింద వంగి ఉన్న నన్ను చూసి మా శనివారం నడక బృందం కెప్టెన్ గారు నలుగురి ముందూ ఒక మాట అన్నారు: "మీరిలా చెట్టుకొకసారి ఆగితే మన సగటు పడిపోతుందండీ." కోపంగా అన్నా బాగుండేది, అప్పటికప్పుడు నేనూ ఒకటి అనేసి ఊరుకునేదాన్ని. ఆయన నవ్వుతూ అన్నారు, నేనూ నవ్వవలసి వచ్చింది, ఆ నవ్వే ఇప్పటికీ గొంతులో అడ్డం పడి ఉంది.

ఈ వారం మెక్‌రిచీ వంతు. జలాశయం చుట్టూ అడవిలోంచి తిరిగి వచ్చే దారి దాదాపు 11 కిలోమీటర్లు. ఏడుంపావుకు బయలుదేరాం. అంతకన్నా ముందు వెళ్లినా లాభం లేదు, ఎందుకంటే సింగపూరు గడియారం సూర్యుడి కన్నా సుమారు గంట ముందు నడుస్తుంది, పైగా భూమధ్యరేఖకు డిగ్రీన్నర దూరం కూడా లేని దీవి కాబట్టి ఏడాది పొడవునా ఏడింటి ప్రాంతంలోనే తెల్లవారుతుంది, చెట్ల కింద మరో పావుగంట చీకటి మిగిలే ఉంటుంది. పది నిమిషాలకు కళ్లద్దాల మీద ఆవిరి పట్టింది, ఇరవై నిమిషాలకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఇక్కడి అడవిలో చెమట పట్టడం కాదు కష్టం, పట్టిన చెమట ఆరకపోవడం. ఆగితే దోమలు, ఆగకపోతే ఆయాసం. ఆ రెండింటిలో మా అందరి తరఫునా కెప్టెన్ గారు ఆయాసాన్నే ఎంచుకున్నారు.

ఆయన చేతి గడియారం కిలోమీటరుకొకసారి వణుకుతుంది. వణికిన మరుక్షణం ఆయన వెనక్కి తిరగకుండానే "పదమూడు ఇరవై", "పదమూడు నలభై" అని ప్రకటిస్తారు, వెనకనున్న తొమ్మిదిమందిమీ పరీక్ష ఫలితాలు వింటున్న పిల్లల్లా తలలూపుతాం. కిలోమీటరుకు 13 నిమిషాలు అన్నది ఆయన గీసుకున్న గీత. వేళ్లు పైకి తేలిన ఆ బాటలో, రాత్రి వానకు నానిన చెక్కమెట్ల మీద ఆ వేగం నిలబెట్టాలంటే కళ్లు ముందు నడిచేవారి కాళ్ల మీద నుంచి కదలకూడదు. ఆరు నెలలుగా ఈ దీవిలోని అడవులన్నీ తిరుగుతున్నానని అందరికీ చెప్పుకుంటున్నాను కానీ, నిజానికి నాకు బాగా పరిచయమైనవి కెప్టెన్ గారి శ్రీమతి బూట్ల మడమలు. ఎడమ బూటు వెనక బయటి అంచు బాగా అరిగిపోయింది, ఆవిడకు చెప్పాలి.

ఇంతకీ నేను ఆగినది నాలుగు నిమిషాలు. దారి మీద ఒక రబ్బరు గింజ పడి ఉంది. బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది, నూనె రాసినట్టు నున్నగా ఉంది, లేత గోధుమరంగు మీద ముదురు చుక్కలు, చారలు. పక్కనే ఉన్న చెట్టు కాండం మీద ఎప్పటివో ఏటవాలు గాట్లు ఉన్నాయి. ఆ అడవిలో కొంత భాగం ఒకప్పుడు రబ్బరు తోట. 1877లో ఈ దీవికి 22 రబ్బరు మొక్కలు వచ్చాయి. తర్వాత 1888లో ఇక్కడి బొటానిక్ గార్డెన్స్ బాధ్యత చేపట్టిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా పాలు తీసే గాటు పద్ధతిని రూపొందించి, కనబడిన తోటల యజమానినల్లా రబ్బరు వేయమని వేధించి, చివరికి 'పిచ్చి రిడ్లీ' అనిపించుకున్నాడు. ఆయన పంతం నెగ్గింది, తోటలు వెలిశాయి, తర్వాత కొన్ని పాడుపడ్డాయి, అడవి తిరిగి వచ్చి ఆ చెట్లను తనలో కలిపేసుకుంది. గింజను అరచేతిలో పెట్టుకుని చూసి, మళ్లీ చెట్టు మొదట్లోనే పెట్టేశాను, ఎందుకంటే ఈ అడవుల నుంచి గింజ అయినా ఇంటికి తీసుకువెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. అంతే, నాలుగు నిమిషాలు. మా చిన్నది మధ్యాహ్నం భోజనం దగ్గర లెక్క కట్టి చెప్పింది: 11 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు 22 సెకన్లు. ఆ 22 సెకన్లతో కెప్టెన్ గారు ఏం చేసుకుంటారో నాకు అర్థం కాలేదు.

మా వారి సంగతి సరే సరి. బస్సులో కూర్చున్నాక, ఆయనన్న మాట విన్నారా అని అడిగితే, "అన్నదాంట్లో తప్పేముంది, అందరితో కలిసి వెళ్లినప్పుడు అందరితో నడవాలి" అన్నారు. తడిసిన టవల్ మెడ చుట్టూ వేసుకుని, కిటికీలోంచి బయటకు చూస్తూ, ఆ విషయం అక్కడితో తేలిపోయినట్టు అన్నారు. నాకు రెండో కోపం అక్కడ మొదలైంది.

ఆ మాట పడ్డాక నేను పంతానికి కావాలనే వెనకబడ్డాను. అలా వెనకబడినందుకే ఒక కొలుగో కనబడింది. మనిషికి రెండింతల ఎత్తులో, కాండం మీద నాచు పట్టిన మచ్చలా ఉన్నదానికి కళ్లున్నాయని గమనించాను. పెద్ద, గుండ్రటి, నిద్రమత్తు కళ్లు. పగలంతా అలా చెట్టును కరుచుకుని ఉండి, చీకటి పడ్డాక మెడ నుంచి తోక దాకా ఉన్న చర్మాన్ని గాలిపటంలా విప్పుకుని చెట్టు నుంచి చెట్టుకు జారిపోయే జంతువు అది. ఊపిరి బిగబట్టి చూశాను. ముందున్నవారిని పిలవలేదు. పిలవాల్సింది, ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ రబ్బరు చెట్టు దగ్గర నేను ఆగడానికి అసలు కారణం గింజ కాదు, నాన్న. 2013లో మూడు నెలలు ఉండడానికి వచ్చినప్పుడు ఆయనను ఇదే దారిలో తీసుకువెళ్లాను. ట్రీటాప్ వాక్ చూపించాలని నా తాపత్రయం. 2004లో కట్టిన ఆ వేలాడే వంతెన 250 మీటర్ల పొడవుంటుంది, నేల నుంచి 25 మీటర్ల ఎత్తు దాకా ఉంటుంది, చెట్ల తలల మీదుగా నడిచినట్టు ఉంటుంది. భోజనం చేసి రెండున్నరకు బయలుదేరాం, వంతెన అయిదింటికి మూసేస్తారు, నడక వేగంగా సాగితే గంటన్నర. నాన్న జీవితమంతా వ్యవసాయ శాఖలో ఆముదం, వేరుశనగ పొలాల గట్ల మీద గడిపిన మనిషి, చెట్టును చూసి పలకరించకుండా వెళ్లడం ఆయనకు మర్యాద తప్పినట్టుగా ఉంటుంది. మొదటి కిలోమీటరుకే నలభై నిమిషాలు పట్టింది.

ఆ ఎండలో రబ్బరు కాయ ఒకటి పైన ఎక్కడో టప్పుమని పేలి, గింజ ఆకుల మీద దడదడ రాలి మా ముందు పడింది. నాన్న దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మన ఆముదం చుట్టమేనమ్మా, చూడు ఆ మచ్చలు" అన్నారు. తర్వాత ఇంటికి వచ్చి వెతికితే నిజమే, రెండూ ఒకే కుటుంబం. ఆ గింజను పక్కనున్న రాతికేసి గట్టిగా నాలుగు రుద్దులు రుద్ది, నేనేదో చూస్తూ ఉండగా నా మోచేతికి తాకించారు. చురుక్కుమంది. చిన్నప్పుడు గచ్చకాయలతో చేసినదే. నలభై దగ్గర పడుతున్న నన్ను అడవిలో గింజతో కాల్చి ఆయన పకపకా నవ్వారు, అటుగా పరిగెత్తుతున్న ఇద్దరు కుర్రాళ్లు ఆగి మరీ చూశారు. దాన్ని జేబులో వేసుకోబోతుంటే నేనే ఆపి, ఇక్కడి చట్టం చెప్పి, చెట్టు కిందే పెట్టించాను. ఈ జలాశయం 1868 నాటిదని, దీనికి నీరందించే ప్రాంతమనే చుట్టూ అడవిని కొట్టనివ్వలేదని చెబితే, "నీళ్ల విలువ తెలిసినవాళ్లు" అని మెచ్చుకోవడానికి మరో పది నిమిషాలు నిలబడ్డారు. ఆ తర్వాత ఉడుము. మనిషి పొడవున్న ఉడుము దారికి అడ్డంగా, నాలుక ఆడిస్తూ, ఎవరి కోసమూ తొందర పడకుండా దాటుతోంది. దానికి తగిన మనిషే దొరికాడు దానికి.

నేను చేతి గడియారం చూపిస్తూ, "నాన్నా, త్వరగా రా, అయిదింటికి మూసేస్తారు" అని ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. "వంతెన ఎక్కడికి పోతుందమ్మా?" అని ఆయన జవాబు. అయిదూ ఏడు నిమిషాలకు చేరాం. గేటు వేసి ఉంది. అక్కడి ఉద్యోగి ఎంతో మర్యాదగా, ఎంతో గట్టిగా కుదరదన్నాడు. ఆకుల సందుల్లోంచి ఒక ఉక్కు తాడు కనబడింది, అంతే. బస్సు స్టాపు దాకా నేను ఆయనతో మాట్లాడలేదు. మర్నాటి నుంచి వరసగా వాన, ఆయన విమానానికి ముందు మిగిలినది ఒక్క సోమవారం, సోమవారాలు వంతెనకు సెలవు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఈ దేశం రాలేదు.

ఇక్కడిదాకా రాశాక ఈ టపా దారి తప్పిందని నాకే తెలుస్తోంది. కెప్టెన్ గారి మీద ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. ఆ రోజు మా ఇద్దరిలో కెప్టెన్ గారి వేషం వేసినది నేను, ఈ రోజు చెట్టు కింద వంగినది నేను. పైగా ఆ రోజు గడియారమే గెలిచింది, నాన్న వంతెన చూడకుండానే వెళ్లిపోయారు.

ఈ రోజు జరిగినదీ అదే లెక్కన కెప్టెన్ గారి పక్షానే ఉంది. ఆరింటికే ఫోన్లో మేఘాల పటం చూసుకుని వచ్చారట. సుమత్రా వైపు నుంచి తెల్లవారు వేళల్లో దూసుకువచ్చే గాలివానలను ఇక్కడ సుమత్రాలనే పిలుస్తారు, వస్తే అరగంటలో ఆకాశం రంగు మారిపోతుంది. మేము వంతెన ఎక్కేటప్పటికి పడమర నల్లబడింది. ఒకరి వెనక ఒకరు మాత్రమే, ఒకే దిశలో నడవాలి, వెనక్కి తిరిగే వీలు లేదు. మధ్యకు వెళ్లేసరికి వంతెన మెల్లగా ఊగుతోంది, కింద చెట్ల తలలు గాలికి ఒక్కసారిగా తిరగబడి ఆకుల తెల్లటి అడుగులు కనబడ్డాయి. దిగి మెట్ల మీదకు వచ్చామో లేదో ఉరుము. మా వెనక వచ్చినవారిని గేటు దగ్గరే ఆపేశారని తర్వాత తెలిసింది. నేను మరో నాలుగు నిమిషాలు ఆగి ఉంటే పదిమందిమీ గేటు ముందు నిలబడేవాళ్లం.

కెప్టెన్ గారు మంచివారు, అది కూడా రాసి తీరాలి. ప్లాస్టిక్ సంచులు చేతిలో పట్టుకుంటే కోతులు లాక్కుంటాయని ప్రతి వారం గుర్తు చేసేది ఆయనే. రెండు గొడుగులు అదనంగా మోసేదీ ఆయనే, ఈ రోజు అందులో ఒకటి నా నెత్తిమీదకే వచ్చింది.

అయితే వాన వస్తోందని చెప్పవచ్చు కదా? వాన అని ఉంటే నేను పరిగెత్తేదాన్ని. సగటు అన్నారు. మనిషిని ఒక భాగహారంలో పడేసే మాట అది. నా బాధంతా అక్కడే, దాన్ని మాత్రం వదులుకోను.

నిజంగా పరిగెత్తేదాన్నా? నాన్నకు నేను అసలు కారణమే చెప్పాను కదా, ఒకసారి కాదు, పదిసార్లు. వంతెన ఎక్కడికి పోతుందన్నారు. ఊరు వెళ్లాక ఫోన్లో చుట్టాలందరికీ ఉడుము సంగతి చెప్పారట, నాలుక ఎంత పొడవుందో చెయ్యి చాపి చూపించారట. వంతెన మాట ఒక్కరి దగ్గరా ఎత్తలేదని అమ్మ చెప్పింది. ఎత్తితే నాకు నొప్పి అని ఎత్తలేదో, లేక ఆయన లెక్కలో అది అసలు తప్పిపోయినదే కాదో అడగాలని అప్పుడు తోచలేదు.

రాత్రి తొమ్మిదింటికి బృందానికి సందేశం వచ్చింది. ఎర్ర గీతతో నడక పటం, కింద 10.9 కిలోమీటర్లు, సగటు 13 నిమిషాల 41 సెకన్లు, పక్కన ఒక చేతులు జోడించిన బొమ్మ. ఆ బొమ్మ నాకేనా, అందరికా? వచ్చే శనివారం బుకిట్ తిమా కొండ అట. 163.63 మీటర్లే కదా అని తేలికగా తీసుకోవద్దని, మెట్లు ఎక్కువని, పేర్లు ఇవ్వమని రాశారు. కొండ చిన్నదే కానీ ఆ చుట్టుపక్కలే 1854లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ సుమారు రెండు నెలల్లో 700 రకాల పెంకు పురుగులు పట్టాడు, ఆయన కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు నడిచాడో కెప్టెన్ గారిని అడుగుదామని జవాబు టైపు చేశాను. చదువుకుని చెరిపేశాను. వద్దు, నేను ఈ వారం రాను అని మళ్లీ టైపు చేశాను. పంపబోతూ పైకి చూస్తే, మా వారు అప్పటికే నన్ను అడగకుండా ఇద్దరి పేర్లూ ఇచ్చేశారు.

బూట్లలో కుక్కిన కాగితాలు పూర్తిగా తడిసిపోయాయి. అవి మార్చి పడుకోవాలి.