లూవ్ర్‌లో ఒక జత చెప్పులు

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంకి వెళ్తే అందరూ మోనాలిసా వైపే పరిగెడతారు, మేమూ చూశాం, కానీ అమ్మని నేను పారిస్ తీసుకెళ్ళింది వేరే బొమ్మ కోసం. రిషెలియూ వింగ్ రెండో ఫ్లోర్, డచ్ పెయింటింగ్స్ ఉండే చోటు, జనం పెద్దగా లేరు. సామ్యూల్ వాన్ హోగ్‌స్ట్రాటెన్ వేసిన 'చెప్పులు'. రెంబ్రాంట్ శిష్యుడు ఈయన, 1660కి కాస్త అటూ ఇటూగా వేశాడంటారు, చాలాకాలం ఇంకో డచ్ చిత్రకారుడు పీటర్ డి హోఖ్ బొమ్మ అనుకున్నారు దీన్ని.

బొమ్మలో మనుషులే లేరు. తలుపులు తెరిచున్నాయి, గోడకి చీపురు ఆనించి ఉంది, తాళంచెవుల గుత్తి తలుపుకే వేలాడుతోంది, లోపల టేబుల్ మీద వెలగని కొవ్వొత్తి, మధ్యలో నేల మీద ఒక జత ఆడవాళ్ళ చెప్పులు, ఇప్పుడే విడిచి లోపలికెళ్ళినట్టు. అంతే. ఎంతసేపు చూశానో.

అప్పటి హాలండ్‌లో చీపురూ తాళాలూ అంటే ఇల్లాలి బాధ్యత, అవి వదిలేసి చెప్పులు విడిచిందంటే ప్రియుడి దగ్గరికి వెళ్ళిందని చాలామంది విమర్శకులు చెప్తారు, వెనక గోడ మీదున్న చిన్న బొమ్మని సాక్ష్యంగా చూపిస్తారు. అది ఆ కాలపు డచ్ చిత్రకారుడే అయిన టెర్ బోర్ఖ్ బొమ్మకి నకలు, అసలు బొమ్మలో శాటిన్ గౌను అమ్మాయి మనకి వీపు తిప్పి నిలబడి ఉంటుంది, ఎదురుగా ఒక మగాడు. తమాషా ఏంటంటే ఆ సీన్‌ని ఒకప్పుడు తండ్రి కూతుర్ని మందలిస్తున్నాడనుకున్నారు, తర్వాత డబ్బిస్తానని ఆ అమ్మాయిని బేరమాడుతున్నాడన్నారు! నాకు ఈ ప్రియుడి కథ ఎప్పుడూ మింగుడుపడలేదు. అంతకు నాలుగు రోజుల ముందు లండన్ నేషనల్ గ్యాలరీలో వాన్ ఐక్ అనే చిత్రకారుడు 1434లో వేసిన ఆర్నోల్ఫిని దంపతుల బొమ్మ చూశాం, అక్కడ భర్త విడిచిన చెక్క చెప్పులు ముందువైపు, ఆవిడ ఎర్ర చెప్పులు గది లోపల. ఆయనకి బయటి ప్రపంచం ఆవిడకి ఇల్లు అని చెప్తారు గానీ, చెప్పులు విడిచినందుకు ఆయన్ని ఎవరూ అనుమానించరు కదా.

అమ్మకి ఇదంతా చెప్తే బొమ్మ మీంచి చూపు తిప్పకుండా "పొద్దున్నించీ ఊడ్చి కాళ్ళు లాగుంటాయే, పోయి కాసేపు నడుం వాల్చుంటుంది" అంది. కాసేపాగి, "పెళ్ళైన కొత్తలో మీ తాతయ్యగారు అరుగు మీద కూర్చుంటే నేను చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి దారిన వెళ్ళేదాన్ని, ఆయన ముందు వేసుకుని నడవకూడదని" అంది. నలభై ఏళ్ళొచ్చాయి నాకు, ఈ మాట వినడం అదే మొదటిసారి.

ఫోటో తియ్యమంది. మొత్తం బొమ్మ కాదు, ఆ చెప్పులొక్కటే దగ్గరగా.