మాట్లాడితే షాకు, మాట్లాడకపోతే డబుల్ బిల్లు

మొన్న శుక్రవారం హైదరాబాద్‌లో ముఖం నొప్పికి నరాన్ని వేడి చేసే రేడియోఫ్రీక్వెన్సీ చికిత్స చేయించుకున్నాను. కింది పెదవి కుడి సగం ఇంకా మొద్దుగానే ఉంది, కాఫీ తాగితే కారిపోతోంది. అయినా రెండేళ్ల తర్వాత భయం లేకుండా పళ్లు తోముకున్నాను.

నాది ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే ముఖానికి స్పర్శ తెలిపే నరం తాలూకు నొప్పి జబ్బు. గాలి తగిలినా, నమిలినా, మాట్లాడినా కుడి దవడలో కరెంటు కొట్టినట్టు ఉంటుంది. న్యూజెర్సీలో పంటి నొప్పి అనుకుని రెండు దవడ పళ్లు పీకించుకున్నాను. పళ్లు పోయాయి గానీ నొప్పి పోలేదు. ఆ తర్వాతే ఎమ్మారై, కార్బమజెపిన్ అనే నరాల నొప్పి మాత్రలు. మోతాదు పెంచేసరికి రక్తంలో సోడియం పడిపోయి తూలిపోయేదాన్ని. అక్కడ చేతినుంచి పడే ఖర్చు చూసి హైదరాబాద్ టికెట్ కొన్నాం.

పుట్టింది తెనాలిలో, పాస్‌పోర్టు అమెరికాది. గొడవంతా అక్కడే వచ్చింది. ఆసుపత్రిలో పాస్‌పోర్టు చూడగానే నన్ను ఇంటర్నేషనల్ పేషెంట్ల గదికి పంపారు. మెత్తటి సోఫాలు, ప్లేట్లో ఖర్జూరాలు, ఒక అరబిక్ దుబాసీ. మెయిల్లో చెప్పినదానికి దాదాపు రెట్టింపు వేసిన కాగితం చేతిలో పెట్టారు. ఎందుకని అడగబోయాను. నోరు తెరిచీ తెరవగానే దవడలో మెరుపు, చెంప పట్టుకుని వంగిపోయాను. కౌంటర్లో పిల్ల ఇంగ్లీషులో "చెప్పండి మేడమ్, చెప్పండి" అంటోంది. కాగితం తీసుకుని తెలుగులో రాశాను: "మాట్లాడితే నొప్పి. ముందు చెప్పిన రేటు ఇది కాదు." ఆ అమ్మాయి అటూ ఇటూ తిప్పి పక్క కుర్రాడికిచ్చింది. అతనికి తెలుగు మాట్లాడటం వచ్చట, చదవడం రాదట. దుబాసీని పిలిచారు! ఆయన నా కాగితం చూసి నవ్వాడు. ఆ పిల్ల నాకు చెవుడనుకుందేమో, ఒక్కో మాటా విడదీసి గట్టిగా అరవసాగింది. వీల్‌చైర్ కుర్రాడితో "ఈమెకి మాట రాదు" అని కూడా చెప్పింది. గదిలో అందరూ నావైపే చూస్తున్నారు. కారు పార్క్ చేసి వచ్చిన తమ్ముడు "అక్కా, నువ్వు నోరు మూసుకో, నేను చూసుకుంటా" అన్నాడు. యాభై ఏళ్లలో వాడి మాట విన్నది అదొక్కసారే. వాడు అరగంట పోట్లాడితే కొంత తగ్గించారు.

ఎవరైనా వెళితే, విదేశీ పాస్‌పోర్టు ఉందని ముందే చెప్పి, ఆ లెక్కన ఎంతో మెయిల్లో రాయించుకోండి. ఫోన్లో తియ్యగా మాట్లాడేవాళ్లని నమ్మొద్దు.

ప్రొసీజర్ సంగతికొస్తే గంట కూడా పట్టలేదు. ఎక్స్‌రేలో చూస్తూ, నోటి మూలకి పక్కన చెంపలోంచి సూదిని పుర్రె అడుగున ఉన్న రంధ్రంలోకి పంపారు. మధ్యలో లేపి "జివ్వుమంటోందా అమ్మా, ఎక్కడ?" అని అడిగారు. గడ్డం చూపించాను. మళ్లీ నిద్రపుచ్చి, సూది మొనతో నరానికి 70 డిగ్రీల వేడి 60 సెకన్లు. కరెంటుని ఆపి ఆపి ఇస్తూ 42 డిగ్రీలు దాటనివ్వని పల్స్‌డ్ పద్ధతి ఎందుకు కాదంటే, ఈ జబ్బుకి అది అంత నిలవదన్నారు డాక్టరుగారు. మొద్దుబారడం ఈ వేడికి కట్టే కప్పం. కొన్నేళ్లకి నొప్పి తిరగబెట్టొచ్చు, అప్పుడు మళ్లీ చేయించుకోవచ్చట.

డిశ్చార్జ్ రోజు ఆ గదికి నేనొక్కదాన్నే వెళ్లాను. పెదవి ఒక పక్కకి జారుతున్నా పది నిమిషాలు ఆపకుండా తెలుగులో మాట్లాడాను. ఎక్కువ వేసినదాంట్లో మిగిలిన డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వలేదు. వచ్చేటప్పుడు ప్లేట్లోంచి నాలుగు ఖర్జూరాలు తీసుకుని బయటికి నడిచాను.